ఎర్రచుక్కల లెక్క

ఊపిరక్కకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. అది తెలియనివాళ్ళు ఆవిడ శాంతించిందనుకుని పొరపడుతుంటారు. ఆ శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం హాల్లో ఆవిడ గొంతు ఎంత తగ్గిందంటే, నిచ్చెన మీదున్న క్లబ్బు ప్రెసిడెంటు "ఏమన్నారూ?" అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"నా చుక్కలేవీ అంటున్నాను."

తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా కనిపించే గోడ అది. ఆకాశం క్లబ్బు ఏటా పెట్టే ప్రదర్శనలో ఆ గోడ దక్కడమంటే మాటలు కాదు. ఈ ఏడు దాని మీద ఊపిరక్క తీసిన ఫొటో మనిషెత్తున వేలాడుతోంది. మన పొరుగున ఉన్న త్రికోణపు గెలాక్సీ. పొరుగంటే గోడ మీంచి పలకరించే పొరుగు కాదులెండి, అక్కడ బయల్దేరిన వెలుగు మన దాకా రావడానికి ఇరవై ఏడు లక్షల ఏళ్ళు పడుతుంది. ఫొటో కింద అట్టముక్క మీద ఆవిడ పేరు అచ్చక్షరాల్లో ఉంది. గెలాక్సీ సుడి ఉంది, దాన్నుంచి విచ్చుకునే చేతులు ఉన్నాయి, నడిమి వెలుగు ఉంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఏవి చూసుకుని ఆవిడ రెండు నెలలుగా మురిసిపోతోందో ఆ నలభై మూడు ఎర్రచుక్కల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. గెలాక్సీ మొత్తం పౌడరు రాసినట్టు నున్నగా ఉంది.

ఆ చుక్కలేమిటో ఇక్కడే చెప్పేయాలి. ఒక్కో చుక్కా ఒక నెబ్యులా, అంటే హైడ్రోజన్ మేఘం. కొత్త నక్షత్రాలు పుట్టేది అందులోనే. పుట్టినవి ఊరికే ఉండవు, తమను కన్న మేఘాన్నే వేడెక్కించి ఎర్రగా వెలిగిస్తాయి. గెలాక్సీలో ఎక్కడ ఎరుపు కనిపిస్తే అక్కడ పురుడు జరుగుతోందన్నమాట. ఒక్కోటీ వందల కాంతి సంవత్సరాల మేర ఉంటుంది, ఫొటోలో మాత్రం ఆవగింజంత. అంతదూరాన పురుళ్ళు పోసుకుంటున్న మేఘాలు ఇంటి డాబా మీద పెట్టిన చిన్న దుర్భిణీలో పడ్డాయంటే, ఎవరికైనా నాలుగు రోజులు కాలు నేల మీద నిలవదు.

"అవి చుక్కలు కావమ్మా, కెమెరా మచ్చలు," అన్నాడు ప్రెసిడెంటు నిచ్చెన దిగుతూ. "లోపల కొన్ని పిక్సెల్ గళ్ళు చెడిపోతే అలాగే ఎర్రగా మెరుస్తాయి. మీది అసలే పాత కెమెరా. నేనే దగ్గరుండి ఒక్కొక్కటీ తుడిచాను. కళ్ళు కాయలు కాశాయనుకోండి!"

"తుడవమని ఎవరడిగారు?"

ఆయన నిజంగానే తెల్లబోయాడు. పాపం, చెడ్డవాడు కాదు. ఊళ్ళో ఫొటో స్టూడియో ఆయనదే. పాతికేళ్ళుగా పెళ్ళిఫొటోల్లో మొటిమలు, మచ్చలు, కళ్ళకింద నలుపులు తుడిచి తుడిచి, చెయ్యి దానంతటదే తుడిచే స్థితికి వచ్చింది. క్లబ్బులో ఎవరు ఆకాశం ఫొటో తీసినా తెచ్చి ఆయన కంప్యూటర్లో వేస్తారు, చాలామంది వేరే నకలు కూడా ఉంచుకోరు. ఆయన శుభ్రం చేసి, పెద్దది చేసి, అచ్చువేసి ఇస్తాడు. పదకొండేళ్ళుగా అదే ఆనవాయితీ. ఇంతవరకు అందరూ దండం పెట్టి తీసుకున్నవాళ్ళే తప్ప, ఎందుకు తుడిచావని అడిగిన మనిషి లేదు.

"అవి నెబ్యులాలు," అంది ఊపిరక్క ఇంకా మెల్లగా. "అవి లేని ఫొటో కింద నా పేరు ఉండటానికి వీల్లేదు."

"మీరు అనుకున్నదే పట్టుకుని కూర్చుంటే ఎలాగమ్మా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టుంది మీ వరస."

"కుందేలు కాళ్ళు నరికింది మీరు. నేను లెక్కపెట్టే ఇచ్చాను."

నిచ్చెన పట్టుకున్న మనిషి నవ్వాపుకోలేక అటు తిరిగాడు. ప్రెసిడెంటు మొహం మాడింది.

"సరే. రేపు పదింటికి ప్రారంభం. తొమ్మిదిలోపు అవి మచ్చలు కావని రుజువు చూపించండి, వేరే ప్రింటు వేసి పెడతాను. చూపించలేకపోతే ఇదే ఉంటుంది, పేరుతో సహా. ఆహ్వానాల మీద అచ్చయిపోయింది."

ఊపిరక్క అన్న పేరు ఆసుపత్రి పెట్టింది. ఆవిడ ఎక్స్‌రే తీస్తుంది. "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అనడమే పని. ఇరవై ఆరేళ్ళు. ఆ ఉద్యోగంలో ఒక నియమం ఉంది. తీసినవాళ్ళు చూస్తారు గానీ చెప్పకూడదు. చెప్పాల్సింది డాక్టరు. బట్టలు సర్దుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ రోగులు ఆవిడ మొహంలోకే చూస్తారు. "డాక్టరుగారు చెబుతారండీ," అంటుంది. ఒకసారి సొంత పెద్దమ్మ వచ్చింది దగ్గుతో. తెరమీద ఊపిరితిత్తి కనిపించిన క్షణంలోనే ఊపిరక్కకు తెలిసిపోయింది. "ఏమే, ఏమైనా ఉందా?" అంది పెద్దమ్మ. "డాక్టరుగారు చెబుతారు పెద్దమ్మా," అంది ఈవిడ. డాక్టరు చెప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పెద్దమ్మ ఫోన్ చేస్తే ఎత్తడానికి చెయ్యి రాలేదు.

నియమం మంచిదే. ఒక నీడ చూసి నోటికొచ్చింది అనేస్తే బతుకులు తారుమారవుతాయి. ఆ సంగతి ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కానీ ఇరవై ఆరేళ్ళుగా చూసి మింగినవి ఎక్కడికి పోతాయి? డాబా ఎక్కి దుర్భిణీ పెట్టుకున్నాక గానీ ఆవిడకు తెలియలేదు, చూసింది చూసినట్టు చెప్పుకోగలిగిన చోటు ఒకటి మనిషికి ఎంత అవసరమో. అక్కడ ఏ రోగీ లేడు, ఏ డాక్టరూ లేడు. పైన మేఘం ఎర్రగా వెలుగుతుంటే ఎర్రగా వెలుగుతోందని అరిచి చెప్పొచ్చు. ఇప్పుడు ఆ ఒక్క చోటా ఈయన వచ్చి, నువ్వు చూసింది చూడలేదు పో అంటున్నాడు. అదీ ఆవిడ కోపం. గోడ గురించి కాదు. సరే, కొంచెం గోడ గురించి కూడా.

ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు వంటింటి గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడకు రెండు వీధుల అవతల డ్రైక్లీనింగు కొట్టు ఉంది. మొగుడు పోయాక అన్నావదినల ఇంట్లోనే ఉంటోంది. నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే, కాకపోతే ముందు నోరు వస్తుంది.

"ఏంటొదినా, మొహం అలా పెట్టావు? గోడ ఊడిందా?"

ఊపిరక్క జరిగిందంతా చెప్పింది.

"మరకలు తీసేస్తే ఏడుస్తావేంటి!" అంది ఆడపడుచు. "మా కొట్లో మరక పోలేదని ఏడుస్తారు. పోయిందని ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నా."

"అవి మరకలు కావే."

"సర్లే. నువ్వు కాదన్నావంటే కాదు. మరి ఆయనకెలా చెబుతావు? పొయ్యి అంటించినంత తేలికా, ఆకాశానికి నిచ్చెన వేసి చూపించాలి."

ఊపిరక్క స్టూలు మీద కూలబడింది. మచ్చ. కెమెరాలో మచ్చ. ఈ మాట ఆవిడకు కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకా పలకలాంటి పెట్టెల్లో ఫిల్ము పెట్టి ఎక్స్‌రే తీసే రోజుల్లో, ఒక పిల్లాడి ఛాతీలో తెల్లటి చుక్క కనిపించింది. తల్లి గుండె గుభేలుమంది. అప్పుడు పని నేర్పిన పెద్దాయన చెవి మెలిపెట్టినంత పని చేసి చెప్పాడు. "ఒక్క ఫిల్ము చూసి నోరు విప్పకు. పలకని తిప్పి పెట్టి ఇంకోటి తియ్యి. చుక్క మనిషితోపాటు ఉంటే మనిషిది. పలకతోపాటు తిరిగితే పలకది." తిప్పి తీస్తే చుక్క పలకతోనే తిరిగింది. లోపల గీత పడి ఉంది, అంతే. పిల్లాడు నిక్షేపంగా ఉన్నాడు.

"తిప్పి తియ్యాలి," అంది ఊపిరక్క పైకి. "కెమెరాని తిప్పి తియ్యాలి! చుక్క గెలాక్సీతో ఉంటే ఆకాశంలోది. కెమెరాతో తిరిగితే కెమెరాది."

"మరి తియ్యి."

"ఎలా తీస్తానే? పైన చూడు." మూడు రోజులుగా ముసురు. చినుకు ఆగలేదు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఫొటో కోసం వాడిన మూడు రాత్రులూ కెమెరా ఒకే వైపు బిగించి ఉంది.

అప్పుడు దగ్గాడు మొగుడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. పగలంతా పైకీ కిందికీ తిరుగుతాడు కాబట్టి ఇంట్లో కదలడు, మాట్లాడడు. పేపరు వెనక నుంచే అన్నాడు: "నాలుగో రాత్రి ఉంది కదా."

ఊపిరక్క నోరు తెరుచుకుంది. నాలుగో రాత్రి! చలికి ఓర్చుకోలేకపోతున్నావంటూ ఈయన దుప్పటి తెచ్చి ఇవ్వబోయి, చీకట్లో కాలు దుర్భిణీకి తగిలి, కెమెరా పట్టు వదిలేసింది. హడావిడిగా మళ్ళీ బిగించేసరికి అది పక్కకు తిరిగి కూర్చుంది. ఆ రాత్రంతా తీసిన గెలాక్సీ అడ్డంగా వచ్చింది. పనికిరాదని పక్కన పడేసి, నెలరోజులపాటు మొగుణ్ణి ఉతికి ఆరేసింది.

"ఏమండీ!"

"ఊఁ."

"మీ కాలు చల్లగుండ."

"మరి ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటావా?"

"సగం," అంది ఊపిరక్క, అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుంటూ.

రాత్రి ఏడున్నరకల్లా ఆసుపత్రి పక్కనున్న జిరాక్సు కొట్లో నిలబడింది. రెండు పారదర్శకపు షీట్లు. ఒకదాని మీద మొదటి మూడు రాత్రుల గెలాక్సీ, ఇంకోదాని మీద నాలుగో రాత్రిది. వెలుగును నలుపుగా, చీకటిని ఖాళీగా మార్చి అచ్చువేయించింది, ఎక్స్‌రే ఫిల్ములకు అలవాటుపడ్డ కళ్ళకు అలాగే హాయి. ఎరుపును మాత్రం ఎరుపుగానే ఉంచింది. అక్కణ్ణుంచి తిన్నగా ఆడపడుచు కొట్టుకు. ఆసుపత్రిలో ఫిల్ములు పోయి అన్నీ తెరలమీదికి వచ్చాక పారేసిన లైటుపెట్టె ఒకటి అక్కడ ఉంది. కోట్లకు పడ్డ చిమ్మెట చిల్లులు వెతకడానికి ఆడపడుచు వాడుకుంటోంది.

ఇస్త్రీ బల్ల మీద పెట్టె పెట్టి, లైటు వేసి, ఒక షీటు మీద ఇంకో షీటు పరిచారు. అంచుకు అంచు కలిపితే రెండు గెలాక్సీలు అడ్డదిడ్డంగా పడ్డాయి. చుక్కలన్నీ చెల్లాచెదురు. ఊపిరక్క పైషీటును మెల్లగా పక్కకు తిప్పింది. సుడి మీద సుడి వచ్చి కూర్చుంది. చెయ్యి మీద చెయ్యి. ఆ వెంటే ఎర్రచుక్క మీద ఎర్రచుక్క, ఒకటి, రెండు, అయిదు, పన్నెండు, పడుతూ వచ్చాయి.

"అమ్మ బాబోయ్," అంది ఆడపడుచు. ఆవిడ నోట ఇంకో మాట రాకపోవడం అదే మొదలు.

ఊపిరక్క లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిది.

"నాలుగు తక్కువ," అంది నీరసంగా.

షీటును వెనక్కి తిప్పి అంచుకు అంచు కలిపింది. గెలాక్సీలు విడిపోయాయి. కానీ నాలుగు చుక్కలు మాత్రం ఒకదాని మీద ఒకటి పొందిగ్గా కూర్చున్నాయి. అవి కెమెరావి. చెడిపోయిన గళ్ళు. వాటిలో ఒకటి ఆ బయటి చెయ్యి చివర, అన్నిటికన్నా నిండుగా ఎర్రగా మెరిసేది. దాన్నే ఆవిడ ఎక్కువ ముద్దు చేసింది. ఫోనులో అదే పెట్టుకుంది. డాక్టర్లకూ నర్సులకూ "ఇక్కడ చూడండి, ఇక్కడ చూడండి" అని చూపించింది. తీరాచూస్తే అందులో ఏ నక్షత్రమూ పుట్టడం లేదు, అది కెమెరాలో పాడైన ఒక గడి.

సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

"నాలుగు పోతే పోయాయిలే," అంది ఆడపడుచు. "వాటి ఊసెత్తకు. ముప్ఫై తొమ్మిదీ చూపించి రా."

"నలభై మూడని నేనే అన్నాను. నాలుగు తప్పని కూడా నేనే అంటాను."

"మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా అన్నయ్య పాపం రాజు కూడా కాదు," అని నిట్టూర్చి ఆడపడుచు లైటుపెట్టెను పాతకోటులో చుట్టడం మొదలుపెట్టింది, పొద్దున బస్సులో అద్దం పగలకుండా.

ఆదివారం ఎనిమిదిన్నరకు హాలు పక్కనున్న చిన్నగదిలో ప్రెసిడెంటు ముందు ఆ పెట్టె వెలిగింది. ఊపిరక్క ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడలేదు. ఇలా పెడితే ఈ నాలుగు కలుస్తాయి, ఇవి కెమెరావి, మీరన్నది ఈ నాలుగింటి విషయంలో నిజం. ఇలా తిప్పితే ఈ ముప్ఫై తొమ్మిది కలుస్తాయి. ఇవి ఆకాశానివి. మీరే తిప్పి చూడండి.

ఆయన తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఫొటోలతో పాతికేళ్ళు గడిపినవాడు, ఇంకొకరు చెప్పనక్కర్లేదు. నుదుట చెమట పట్టింది.

"నిజమేనమ్మా," అన్నాడు చివరికి. ఆ మాట అన్నందుకు ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. తరవాత లేచి గది తలుపు దగ్గరగా వేశాడు, దానికి మాత్రం మెచ్చుకోలేం.

"నేను ఇప్పుడే స్టూడియోకి వెళ్ళి కొత్త ప్రింటు తెస్తాను. చుక్కలతోనే. పదింటికల్లా గోడ మీద ఉంటుంది. కానీ..." గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చూపు హాలువైపు పోయింది. ఈ ఏడు పదకొండేళ్ళ మేలిఫొటోలన్నీ ఒకచోట పెట్టారు. ఇరవై ఆరు. అందులో పదో పన్నెండో గెలాక్సీలవే. అన్నీ ఈయన చేతిమీదుగా వెళ్ళినవే, అన్నీ నున్నగా, అన్నీ తెల్లగా.

ఊపిరక్కకు అప్పుడు అర్థమైంది.

"అవి కూడానా?"

ఆయన పెట్టె మీది షీట్లు సర్దాడు. "అందరివీ మచ్చలే అనుకున్నాను."

"అసలువి ఉన్నాయా?"

"చోటు చాలక ఏ ఏడువి ఆ ఏడు, ప్రదర్శన అయ్యాక తీసేస్తుంటాను. ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా? ఎవరికీ తెలియదు, ఎవరికీ నొప్పి లేదు. మీ ఫొటో మీకొస్తుంది, గోడ మీదే ఉంటుంది. పాతవాటి సంగతి మాత్రం మీరు ఎత్తకండి. అంతే నేనడిగేది."

కడిగిన ముత్యంలా బదులు చెప్పిందని రాయాలని నాకూ ఉంది. కానీ ఊపిరక్క ఏమీ అనలేదు. గోడ కావాలని ఆవిడకు నిజంగానే ఉంది. అదీగాక నోరు మూసుకోవడం ఆవిడకు కొత్త విద్యా? ఆవిడ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుని ప్రెసిడెంటు స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఆవిడ హాల్లోకి వచ్చి కూర్చుంది. తొమ్మిదింబావుకు గడియారాల బాబాయి వచ్చాడు. ఆయనకు ఊళ్ళో గడియారాలు బాగుచేసే కొట్టుంది, క్లబ్బులో అందరికన్నా పెద్దవాడు. ఇస్త్రీచొక్కా వేసుకుని, భార్యనూ కోడలినీ వెంటబెట్టుకుని, మూడో గోడ మీదున్న తన ఆండ్రోమిడా గెలాక్సీ దగ్గరికి తీసుకుపోయాడు. ఎనిమిదేళ్ళ కిందట తీసింది. ఆ తరవాత చేతుల వణుకు మొదలై దుర్భిణీని మనవరాలికి ఇచ్చేశాడు. ఇక ఆయనకు మిగిలిన ఫొటో అదొక్కటే.

"పందొమ్మిది రాత్రులు తీశాను," అని కోడలికి చెబుతున్నాడు. "మీ అత్తయ్య మాట్లాడ్డం మానేసింది."

"మానేస్తే బాగుండేది," అంది ముసలావిడ.

ఊపిరక్కను చూసి ఆయన నవ్వుతూ వచ్చాడు. "అమ్మాయీ, నిన్నొకటి అడగాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నా. నేను ఇచ్చినప్పుడు అందులో అంచుల వెంట అక్కడక్కడా ఎర్రగా ఉండేదని నాకు గుర్తు. మచ్చలు, తుడిచేశానన్నాడు ప్రెసిడెంటు. నీకు ఇలాంటివి చూడ్డం అలవాటు కదా, నువ్వు చెప్పు. నా కళ్ళే మోసపోయాయంటావా?"

ప్రెసిడెంటుగారు చెబుతారండీ. ఆ వాక్యం నాలుక చివర తయారుగా ఉంది. ఇరవై ఆరేళ్ళ అలవాటు, పిలవకుండానే వచ్చేస్తుంది. ఆ ఒక్క మాట అంటే చాలు, పదింటికి గోడ ఆవిడది. ఆయన మొహంలోకి చూసింది. పెద్దమ్మ కూడా ఇలాగే చూసింది. అక్కడ చెప్పే హక్కు తనది కాదు, సరే. ఇక్కడ చెప్పకపోవడానికి ఎవరి ప్రాణానికి ముప్పు? ఒకాయన పరువుకు.

"మీ కళ్ళు మోసపోలేదు బాబాయిగారూ," అంది. "ఉన్నాయి. తుడిచేశారు. మీవే కాదు, ఇక్కడున్న గెలాక్సీలన్నిటిలోవీ."

లైటుపెట్టె తెచ్చి, మధ్యలో చదువుకునే బల్ల మీద పెట్టి వెలిగించింది. షీట్లు తిప్పి చూపించింది. అప్పటికి వచ్చిన సభ్యులు ఒక్కొక్కరే చుట్టూ మూగారు. అందరి తలలూ ఒక్కసారే ఎవరి గోడవైపు వాళ్ళు తిరిగాయి.

చుట్టచుట్టిన ప్రింటు చంకలో పెట్టుకుని ప్రెసిడెంటు వచ్చేసరికి కథ అలా ఉంది.

"మాటిచ్చారు కదమ్మా!" అన్నాడు.

"నేనివ్వలేదు. మీరడిగారు, నేను విన్నాను. అంతే."

"అయితే ఇది గోడెక్కదు."

"ఎక్కకపోతే మానె."

గోడ మీద ఆశ పోలేదు, అబద్ధమెందుకు. కానీ అనేసింది.

గడియారాల బాబాయి ప్రెసిడెంటు ఎదుట నిలబడ్డాడు. "నా అసలు ఫొటో ఉందా బాబూ?" అని అడిగాడు. ప్రెసిడెంటు తలదించుకున్నాడు. ముసలాయన వెళ్ళి వణికే చేతులతో తన ఆండ్రోమిడాను మేకు నుంచి దించి, మొహం గోడకు తిప్పి నేలమీద ఆనించాడు. ఆయన వెనకే బస్సు కండక్టరు తనది దించాడు. తరవాత దంతవైద్యురాలు. అయిదు నిమిషాల్లో మూడు గోడల మీద చంద్రుళ్ళూ గ్రహణాలూ మిగిలాయి గానీ ఒక్క గెలాక్సీ లేదు. ఊపిరక్క చివరికి లేచి, ఎదురుగోడ మీదున్న మనిషెత్తు ఫొటోను తానే దించింది. అట్టముక్క మీది పేరు నిలువునా చింపి జేబులో వేసుకుంది.

పది కొట్టింది. తలుపులు తెరిచారు. జనం లోపలికి వచ్చి బోసిపోయిన ఎదురుగోడ చూసి, దారితప్పామేమో అనుకుని ఆగిపోయారు.

"ఇటు రండి," అని పిలిచింది ఊపిరక్క. "ఒక్కొక్కరూ రండి, చూపిస్తాను. ఈ గెలాక్సీలో నక్షత్రాలు పుడుతున్న చోట్లు ముప్ఫై తొమ్మిది దొరికాయి. ఈ నాలుగు మాత్రం నా కెమెరా తప్పులు, వీటిని నమ్మకండి. ఇదిగో ఈ పెద్దది చూశారా, పదిహేను వందల కాంతి సంవత్సరాల మేర ఉంది. మీరే తిప్పండి, నా మాట మీద నమ్మొద్దు."

తిప్పినవాళ్ళు అబ్బా అన్నారు. ఆ అబ్బా విని వెనకవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. ఆడపడుచు నడుమున చెయ్యి పెట్టుకుని అందరినీ వరసలో నిలబెట్టింది, కొట్లో గిరాకీని నిలబెట్టినట్టే. వరస హాలు దాటి మెట్లమీదికి పోయింది.

గడియారాల బాబాయి కదల్లేదు. బల్ల పక్కనే కుర్చీ వేసుకుని, జేబులోంచి గడియారాల పనికి వాడే భూతద్దం తీసి కంటికి బిగించి, మోచేతులు బల్లకు ఆనించి, షీటు మీద అంగుళం అంగుళం వెతుకుతున్నాడు. అరగంటకు తలెత్తాడు.

"ఇదొకటి వదిలేశావమ్మాయీ."

ఊపిరక్క వంగి చూసింది. లోపలి చెయ్యి మలుపులో, నల్లటి చారల మధ్య, సూదిమొనంత ఎరుపు. రెండు నెలల్లో వందసార్లు చూసింది, కనపడలేదు. ఊపిరి బిగబట్టి షీటు తిప్పింది. అంచుకు అంచు కలిపితే విడిపోయింది. గెలాక్సీకి గెలాక్సీ కలిపితే ఎరుపు మీద ఎరుపు వచ్చి కూర్చుంది.

"ఆకాశానిదే," అంది. "ఇది మీది బాబాయిగారూ." పెన్ను ఆయన చేతికే ఇచ్చింది. ఆయన చుక్క చుట్టూ సున్నా వంకరగా చుట్టాడు. వణుకుతో కొంచెం పక్కకు పోయింది కూడా. ఎవరూ సరిచేయలేదు.

అప్పుడొచ్చాడు ప్రెసిడెంటు, వరసను పక్కకు నెట్టుకుంటూ. "ఇది క్లబ్బు ప్రదర్శనమ్మా, మీ ఎక్స్‌రే గది కాదు. దయచేసి ఈ పెట్టె కట్టెయ్యండి. రేపట్నుంచి మీరు సభ్యులు కూడా కారు."

"అలాగే కానివ్వండి," అంది ఊపిరక్క, తరవాతి మనిషికి షీటు అందిస్తూ. "నలభై ఉన్నాయండీ ఇందులో. లెక్క సరిచూసుకోండి."

ఆయన ఇంకేదో అనబోయాడు. వరసలో ముందున్నావిడ, ముక్కూమొహం తెలియని మనిషి, ఆయన భుజం తట్టి మెట్లవైపు చూపించింది.

"ఏమండీ, వరస అక్కణ్ణుంచి."